పదమూడో పిన్ను: టీవీ రిమోట్‌తో ఇంట్లోని చిన్న కంప్యూటర్‌ను నడపడం

చెన్నై పెరంబూరులో మా ఇంట్లో టీవీ వెనక అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దదిగా ఒక డబ్బా ఉంటుంది. అది రాస్ప్‌బెర్రీ పై 4, చిన్న కంప్యూటర్. దానికి ఒక హార్డ్ డిస్కు తగిలించాను. అందులో నాన్న నలభై ఏళ్లపాటు టేప్ రికార్డర్‌లో పట్టుకున్న హరికథలు, చెల్లెలి పెళ్లి వీడియో, అమ్మ ఇష్టపడి దాచుకున్న పాత పాటలు ఉన్నాయి. క్యాసెట్లన్నిటినీ ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి నాకు రెండు వేసవి సెలవులు పట్టాయి.

అమ్మ ఏడాదిలో సగం రోజులు నెల్లూరులో, సగం రోజులు మా దగ్గర ఉంటుంది. పినాకిని రైలు దిగి ఇంటికి వచ్చిన రోజే హరికథ పెట్టమంటుంది. మొదటి ఏడాది ఆ పెట్టడం నేనే పెట్టాల్సి వచ్చేది. ఎందుకంటే ఆ చిన్న కంప్యూటర్ నడవాలంటే వైర్‌లెస్ కీబోర్డు కావాలి, కీబోర్డు అంటే అమ్మకు భయం. నేను ఆఫీసుకు వెళ్తే సాయంత్రం దాకా ఆవిడకు ఆ హరికథలు లేనట్టే. "ఏంది నాయనా, మీ నాయన క్యాసెట్టు వేసుకోడానికి నువ్వు ఇంటికి రావాల్నా? నాకు ఈ టీవీ రిమోట్ ఒక్కటి చాలు" అంది ఒకరోజు. ఆ మాట మీద మొదలుపెట్టి ఈ విషయం అంతు చూశాను. నేను తెలుసుకున్నది ఇక్కడ విడమరిచి రాస్తున్నాను.

టీవీ రిమోట్‌తో ఆ కంప్యూటర్ నడుస్తుందా అని తెలిసినవాళ్లను అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకరు "ఏమీ చెయ్యక్కర్లేదు, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే అదే పనిచేస్తుంది" అంటారు. ఇంకొకరు "దానికో సెన్సర్ కొనాలి, మూడు వైర్లు కలపాలి, ఒక ఫైలు మార్చాలి" అంటారు. విన్నవాడికి ఎవరో ఒకరు తప్పు చెప్తున్నారనిపిస్తుంది. నిజానికి ఇద్దరూ సరిగ్గానే చెప్తున్నారు. కాకపోతే వాళ్లు మాట్లాడేది రెండు వేర్వేరు దారుల గురించి.

మొదటి దారిలో రిమోట్ టీవీతో మాత్రమే మాట్లాడుతుంది. టీవీ ఆ మాటను హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు అందిస్తుంది. రెండో దారిలో రిమోట్ నుంచి వచ్చే కంటికి కనపడని కాంతిని (ఇన్ఫ్రారెడ్) కంప్యూటరే నేరుగా అందుకుంటుంది, టీవీకి దానితో సంబంధం ఉండదు. ఏ దారిలో ఉన్నామో తెలియకుండా రిపేరుకు దిగితే ఒక దారి మందు ఇంకో దారి రోగానికి వేస్తూ కూర్చుంటాం. నేను అలాగే మూడు సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

కేబుల్‌లో ఉన్న ఒంటరి వైరు

మామూలు పెద్ద హెచ్‌డీఎంఐ ప్లగ్గులో 19 పిన్నులుంటాయి. మొదటి 12 పిన్నులూ బొమ్మను, శబ్దాన్ని మోస్తాయి. పదమూడో పిన్ను ఆ పని చెయ్యదు. దాని పేరు సీఈసీ, అంటే కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ కంట్రోల్. ఒకదానికొకటి తగిలించిన పరికరాలు తమలో తాము మాట్లాడుకోవడానికి పెట్టిన వైరు అది. 2002 చివర్లో హెచ్‌డీఎంఐ మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఉంది. అంతకుముందు యూరప్ టీవీలకు స్కార్ట్ అని 21 పిన్నుల వెడల్పాటి ప్లగ్గు ఉండేది, ఈ ఆలోచన అందులోంచే వచ్చింది. మనం పసుపు, ఎరుపు, తెలుపు వైర్ల నుంచి నేరుగా హెచ్‌డీఎంఐకి వచ్చాం. ఆ మూడు వైర్లకూ మాటలు రావు. అందుకే కేబుల్ గుండా రిమోట్ బటన్లు వెళ్తాయంటే మనవాళ్లకు నమ్మబుద్ధి కాదు.

ఆ పద్ధతి ఎంత సాదాగా ఉంటుందో చెప్పాలి. ఎన్ని పరికరాలున్నా అందరికీ కలిపి ఒకే వైరు. ఎవరూ మాట్లాడనప్పుడు ఆ వైరు మీద 3.3 వోల్టులుంటాయి. మాట్లాడదలచినవాళ్లు దాన్ని కాసేపు కిందికి, అంటే సున్నా వోల్టులకు లాగుతారు. 0.6 మిల్లీసెకన్లు లాగితే ఒకటి అని అర్థం, 1.5 మిల్లీసెకన్లు లాగితే సున్నా అని అర్థం. ఇలాంటి ఒక్కో ఒకటికి లేదా సున్నాకు, అంటే ఒక్కో బిట్‌కు, మొత్తం 2.4 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు నాలుగువందల పైచిలుకు బిట్లు, అంతే. పక్క పిన్నుల్లో సెకనుకు వందల కోట్ల బిట్లు పరుగెత్తుతుంటే ఈ పదమూడో పిన్ను ఎద్దుబండిలా వెళ్తుంది. బటన్ నొక్కాడు, బటన్ వదిలాడు అని చెప్పడానికి ఆ వేగం సరిపోతుంది.

ఒక్కో ఎనిమిది బిట్ల ముక్క తర్వాత వింటున్న పరికరం జవాబివ్వాలి. పిల్లలకు కథ చెప్పేటప్పుడు వాళ్లు ఊ కొడుతుంటేనే మనం ముందుకు వెళ్తాం కదా, ఇదీ అంతే. చెప్పే పరికరం ఒక బిట్ జాగా ఖాళీగా వదులుతుంది, వినే పరికరం ఆ జాగాలో వైరును కిందికి లాగి ఊ కొడుతుంది. ఊ వినపడకపోతే చెప్పేది మళ్ళీ మొదటి నుంచి చెప్తుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఎవరు ఆగాలన్నదీ ఆ వైరే తేలుస్తుంది. ఒకరు వైరును పైన ఉంచాలనుకున్నా ఇంకొకరు కిందికి లాగి ఉంచితే, పైన ఉంచాలనుకున్నది "వేరెవరో మాట్లాడుతున్నారు" అని గ్రహించి తప్పుకుంటుంది.

వైరు ఒకటే కాబట్టి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియడానికి నంబర్లుంటాయి. టీవీ నంబరు 0. వీడియోలు ఆడించే పరికరాలకు 4, 8, 11. సౌండ్‌బార్ లాంటివాటికి 5. అందరికీ చాటింపు వెయ్యాలంటే 15. ఇది కాక ఏ పరికరం టీవీలో ఏ సాకెట్‌కు తగిలించి ఉందో చెప్పే చిరునామా ఇంకొకటి ఉంటుంది. రెండో సాకెట్‌కు నేరుగా తగిలిస్తే 2.0.0.0. మొదటి సాకెట్‌లో సౌండ్‌బార్, దాని రెండో సాకెట్‌లో మన డబ్బా ఉంటే 1.2.0.0. ఈ చిరునామాను కంప్యూటర్ సొంతంగా ఊహించుకోలేదు. టీవీ అదే కేబుల్‌లోని వేరే పిన్నుల ద్వారా తన వివరాల చీటీ ఒకటి పంపుతుంది, చిరునామా అందులోనే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కొంచెం తర్వాత దీనితో పని పడుతుంది.

ఇప్పుడు అమ్మ రిమోట్ మీద కింది బాణం నొక్కిందనుకుందాం. రిమోట్ ఆ మాటను టీవీకి చెప్పింది. ప్రస్తుతం తెర మీద ఉన్నది రెండో సాకెట్ బొమ్మ అని టీవీకి తెలుసు. అందుకే తాను ఏమీ చెయ్యకుండా సీఈసీ వైరు మీద "0 నుంచి 4కు: యూజర్ బటన్ నొక్కాడు, కింది బాణం" అని పంపింది. అది మూడు ముక్కల మాట. ముక్కకు పది బిట్లు (ఎనిమిదికి తోడు మాట అయిపోయిందో లేదో చెప్పేది ఒకటి, ఊ కొట్టే జాగా ఒకటి), మొదట్లో 4.5 మిల్లీసెకన్ల పిలుపు. లెక్క కడితే 76.5 మిల్లీసెకన్లు. రిమోట్ నుంచి టీవీకి వచ్చేటప్పుడు ఇన్ఫ్రారెడ్‌లో, బాగా వాడుకలో ఉన్న ఎన్‌ఈసీ అనే పద్ధతిలో, పూర్తి మాటకు 67.5 మిల్లీసెకన్లు. రెండూ కలిపితే సుమారు సెకనులో ఏడో వంతు, ఆపైన టీవీ ఆలోచించుకునే సమయం. టీవీ సొంత మెనూ కంటే ఈ కంప్యూటర్ మెనూ కాస్త ఆలస్యంగా కదిలినట్టు అనిపించడానికి కారణం ఇదే. కంప్యూటర్ స్లోగా ఉందనుకుని ఎక్కువ మెమరీ ఉన్నది కొంటే ఆ ఆలస్యం పోదు.

ఈ దారిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. రిమోట్ టీవీతో ఏ భాషలో మాట్లాడినా సరే. ఇప్పటి స్మార్ట్ టీవీల రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌వి. వాటిలోంచి ఇన్ఫ్రారెడ్ రాకపోయినా ఇబ్బంది లేదు, టీవీ విన్నది కాబట్టి కేబుల్‌లో చెప్తుంది. కంప్యూటర్ వైపు ఆ మాట వినడానికి, పాటలూ వీడియోలూ ఆడించే కోడి (Kodi) లాంటి ప్రోగ్రాం సిద్ధంగా ఉంటుంది. కోడి 2002లో ఎక్స్‌బాక్స్ గేమ్ మెషీన్ మీద పుట్టింది, 2014 దాకా దాని పేరు ఎక్స్‌బీఎంసీ. గేమ్ కంట్రోలర్ పట్టుకుని, సోఫాలో కూర్చుని, కొద్ది బటన్లతో నడిపేవాళ్ల కోసం మొదటి రోజు నుంచీ తయారైంది. నాలుగు బాణాలు, ఓకే, బ్యాక్ ఉంటే దాన్ని నడపొచ్చు. మౌస్ కోసం తయారైన ప్రోగ్రాంలు ఈ పనికి పనికిరావు. లిబ్రెఎలెక్ అని కోడి ఒక్కటే నడిపే చిన్న సిస్టమ్ ఉంది, పై 4 మీద అది వేస్తే సీఈసీ కోసం విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు.

పనిచెయ్యనప్పుడు ఎక్కడ చూడాలి

అన్నీ ఉన్నా మా ఇంట్లో పనిచెయ్యలేదు. అక్కడి నుంచే నా మూడు సాయంత్రాలు మొదలయ్యాయి.

మొదటిది, టీవీలో ఇది ఆన్ చేసి ఉండాలి. కొన్ని టీవీల్లో ముందుగా ఆఫ్‌లో ఉంటుంది. పైగా మెనూలో సీఈసీ అనే మాట కనపడదు. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, పానాసోనిక్‌లో వియెరా లింక్, ఫిలిప్స్‌లో ఈజీలింక్. అన్నీ ఒకటే. వినియోగదారుడికి ఇంత అన్యాయం చేసిన పేర్ల గందరగోళం ఇంకోటి నాకు తెలియదు. ఇరవై ఏళ్లుగా ఇంటింటా ఉన్న సదుపాయం ఎవరికీ తెలియకుండా పోవడానికి సగం కారణం ఈ పేర్లే.

రెండోది కేబుల్. పై 4కు చిన్న సాకెట్లు, అంటే మైక్రో హెచ్‌డీఎంఐ. దాన్ని పెద్ద ప్లగ్గుగా మార్చే అడాప్టర్ ఒకటి అన్నా సాలై వెనకున్న రిచీ స్ట్రీట్‌లో ఒక కొట్లో కొన్నాను. బొమ్మ అద్భుతంగా వచ్చింది, శబ్దం వచ్చింది, రిమోట్ మాత్రం పనిచెయ్యలేదు. బొమ్మ వస్తోంది కదా, కేబుల్ బాగానే ఉందనుకున్నాను. నా తప్పంతా ఆ అనుకోవడంలోనే ఉంది. బొమ్మ దారి వేరు, పదమూడో పిన్ను దారి వేరు. ప్రమాణం ప్రకారం కేబుల్‌లో ఆ వైరు ఉండి తీరాలి. అయినా చవక అడాప్టర్లలో అది ఒక్కోసారి ఉండదు, లేదా సరిగ్గా అంటుకుని ఉండదు. చిన్న ప్లగ్గులో పిన్నుల వరుస కూడా పెద్దదానిలా ఉండదు, అడాప్టర్ లోపల వైర్లు దారి మార్చుకుని కలవాలి, పొరపాటుకు చోటు అక్కడే. చివరికి ఒక వైపు మైక్రో, ఒక వైపు పెద్ద ప్లగ్గు ఉన్న ఒకే కేబుల్ తెచ్చి పెట్టాను. పెట్టిన నిమిషంలోనే బాణాలు కదిలాయి.

ఆ మూడు రోజులు నేను సాఫ్ట్‌వేర్‌ను అనుమానించి, అది ఉండే మెమరీ కార్డును రెండుసార్లు చెరిపి మళ్ళీ రాశాను. అలా చెయ్యకుండా తేల్చుకునే పద్ధతి ఒకటుంది. సీఈసీ-క్లయింట్ అనే చిన్న ప్రోగ్రాం వైరు మీద ఎవరెవరున్నారో పిలిచి చూస్తుంది. అది నడిపేటప్పుడు కోడిని ఆపాలి. లిస్టులో మన కంప్యూటర్ ఒక్కటే కనిపించి టీవీ కనిపించకపోతే, టీవీలో సెట్టింగ్ ఆఫ్‌లో ఉన్నట్టు లేదా వైరు తెగినట్టు. టీవీ కనిపించి బటన్లు మాత్రం రాకపోతే కేబుల్ జోలికి పోకండి, టీవీయే వాటిని పంపడం లేదు. ఈ ఒక్క పరీక్ష సగం తలనొప్పి తగ్గిస్తుంది.

మూడోది, పై 4కు రెండు సాకెట్లున్నాయి. కరెంటు ప్లగ్గుకు దగ్గరగా ఉన్నది మొదటిది, సీఈసీకి దాన్నే వాడండి.

నాలుగోది అన్నిటికంటే చిత్రమైనది: ఏది ముందు ఆన్ అయింది అన్నది. టీవీ చీటీ పంపితేనే కంప్యూటర్‌కు చిరునామా తెలుస్తుందని పైన చెప్పాను కదా. టీవీ ప్లగ్గు దగ్గర పూర్తిగా ఆపేసి ఉన్నప్పుడు కంప్యూటర్ లేచిందనుకోండి, దానికి ఆ చీటీ దొరక్కపోవచ్చు. చిరునామా లేని పరికరంతో టీవీ మాట్లాడదు. చెన్నైలో వేసవిలో కరెంటు పోయి వచ్చినప్పుడు మాకు ఇలాగే అయ్యేది. ఇలాంటప్పుడు టీవీ ఆన్ చేసి, ఆ తర్వాత కంప్యూటర్‌ను మళ్ళీ స్టార్ట్ చేస్తే సర్దుకుంటుంది. అప్పటికీ మొండికేస్తే అన్నిటి ప్లగ్గులూ, సౌండ్‌బార్‌తో సహా, గోడ దగ్గర తీసి కొద్ది నిమిషాలు వదిలెయ్యాలి. రిమోట్‌తో ఆఫ్ చేసిన టీవీ పూర్తిగా నిద్రపోదు, పాత నంబర్లను గుర్తుపెట్టుకునే ఉంటుంది. ప్లగ్గు తీస్తేనే అవి చెరిగిపోతాయి.

ఇక బటన్లు. ఏ బటన్ కేబుల్‌లోకి వెళ్లాలో నిర్ణయించేది టీవీయే. బాణాలు, ఓకే దాదాపు ఎప్పుడూ వెళ్తాయి. హోమ్, సెట్టింగ్స్, వాల్యూమ్ బటన్లను టీవీ మామూలుగా తనకే ఉంచుకుంటుంది. బ్యాక్ బటన్ విషయం టీవీని బట్టి మారుతుంది. కొన్ని పంపుతాయి, కొన్ని ఆ బటన్‌తో మన కంప్యూటర్‌లోంచే బయటికి తెచ్చి పారేస్తాయి. పెద్దవాళ్లకు ఇది చాలా ఇబ్బంది. వెనక్కి వెళ్దామని నొక్కితే హరికథే మాయమైపోతుంది. మా టీవీ రిమోట్‌లో ఎరుపు, పచ్చ, పసుపు, నీలం బటన్లున్నాయి, అవి కేబుల్‌లోకి వెళ్తున్నాయి. కోడిలో కీమ్యాప్ ఎడిటర్ అనే యాడ్-ఆన్ ఉంది. దానితో ఎరుపు బటన్‌కు బ్యాక్ పని అప్పగించాను. పాజ్ బటన్ లేని సన్న రిమోట్లలో వీడియో ఆపాలంటే ఓకే ఒకసారి నొక్కితే అడుగున గుర్తులు వస్తాయి, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. బాణం ఒకసారి నొక్కితే రెండు గడులు దూకుతుంటే కోడిలోనే, సిస్టమ్ సెట్టింగుల్లో ఇన్‌పుట్ కింద, పెరిఫెరల్స్‌లో సీఈసీ అడాప్టర్ అని ఉంటుంది. నొక్కిన ఎంతసేపటికి మళ్ళీ లెక్కలోకి తీసుకోవాలో అక్కడ పెంచుకోవచ్చు.

అదే చోట ఇంకో సెట్టింగు ఉంది, తప్పక చూడాల్సింది: టీవీ ఆఫ్ చేస్తే కంప్యూటర్ ఏం చెయ్యాలి అని. షట్‌డౌన్ అని పెడితే కరెంటు ఆదా అనిపిస్తుంది. కానీ షట్‌డౌన్ అయిన పై 4ను టీవీ రిమోట్ మళ్ళీ లేపలేదు. వినేవాడే నిద్రపోతే వైరు మీద ఎంత అరిచినా ఏం లాభం? దాన్ని లేపాలంటే ప్లగ్గు తీసి పెట్టాలి, అది అమ్మ చేత చేయించే పని కాదు. ఏమీ చెయ్యవద్దు అని పెట్టుకోండి. ఊరికే కూర్చున్న పై 4 కొద్ది వాట్లే తింటుంది.

దీనికి తోడు ఒక ప్రమాదకరమైన అలవాటు గురించి చెప్పాలి. టీవీ వెనక యూఎస్‌బీ సాకెట్ ఉంది కదా అని చాలామంది పై 4కు అక్కడి నుంచే కరెంటు ఇస్తారు. పై 4కు 3 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్ కావాలని తయారుచేసినవాళ్లే చెప్తారు. మామూలు యూఎస్‌బీ 2 సాకెట్ అర ఆంపియర్‌కే కట్టుబడి ఉంటుంది. చాలని కరెంటుతో తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది, హార్డ్ డిస్కు మధ్యలో ఆగిపోతుంది. పైగా టీవీ ఆఫ్ చెయ్యగానే ఆ సాకెట్‌లో కరెంటు పోవచ్చు, కార్డు మీద రాస్తున్న ఫైలు సగంలో తెగిపోతుంది. నాలుగైదుసార్లు అలా జరిగితే కార్డు చెడినా ఆశ్చర్యం లేదు. నాన్న క్యాసెట్లకు ఇంకో కాపీ ఉన్నా సరే, ఆ సాకెట్ జోలికి నేను పోను.

టీవీకి చేతకానప్పుడు

టీవీ పాతదైతే, లేదా మీ చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై కాకుండా మామూలు పీసీ అయితే, మొదటి దారి మూసుకుపోవచ్చు. పీసీల గ్రాఫిక్స్‌కు చాలావాటిలో హెచ్‌డీఎంఐ సాకెట్ ఉన్నా పదమూడో పిన్ను వెనక ఏమీ కలపరు. అలాంటివాటికి పల్స్-ఎయిట్ అనే కంపెనీ యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి తయారుచేస్తుంది, కేబుల్‌కు మధ్యలో పెడితే ఆ పిన్ను మాటను యూఎస్‌బీలోకి తెస్తుంది. అది వద్దనుకుంటే రెండో దారి, ఇన్ఫ్రారెడ్.

కాంతితో టీవీ నడపడం చాలా పాత ఆలోచన. 1955లో జెనిత్ కంపెనీ ఫ్లాష్-మ్యాటిక్ అని టార్చిలైటు లాంటి రిమోట్ తెచ్చింది. టీవీ నాలుగు మూలలా కాంతిని పసిగట్టే కళ్లుండేవి. ఇబ్బంది ఏమిటంటే, కిటికీలోంచి ఎండ పడినా టీవీ తనకే చెప్తున్నారనుకునేది. ఇప్పటి రిమోట్ ఆ సమస్యను వణుకుతో దాటింది. అది ఊరికే వెలగదు, సెకనుకు 38 వేల సార్లు వెలిగి ఆరుతుంది. ఎండ వణకదు. సెన్సర్ ఆ 38 కిలోహెర్ట్జ్ వణుకు ఉన్న కాంతిని మాత్రమే పట్టించుకుంటుంది. అందుకే మా పడమటి బాల్కనీలోంచి కత్తిరి ఎండ హాల్లోకి పొడుచుకొచ్చినా రిమోట్ పనిచేస్తుంది. ఇబ్బంది పెట్టేది కొన్ని సీఎఫ్‌ఎల్ దీపాలే, వాటి లోపలి సర్క్యూటు కూడా ఇలాంటి వేగంతోనే వణుకుతుంది. రిమోట్ వెలుగుతోందో లేదో చూడాలంటే దాన్ని ఫోన్ ముందు కెమెరాకు చూపించి బటన్ నొక్కండి, ఊదారంగు చుక్క మెరుస్తుంది.

ఎన్‌ఈసీ పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల పొడవైన వెలుగు, 4.5 మిల్లీసెకన్ల చీకటి, ఆపైన 32 బిట్లు. అందులో రిమోట్ ఎవరిది, ఏ బటన్ అన్న రెండు సంగతులుంటాయి. ఒక్కోదాన్నీ ఒకసారి నేరుగా, ఒకసారి తిరగేసి పంపడం అసలు పద్ధతి. రెండూ సరిపోలకపోతే సెన్సర్ వెనకున్న ప్రోగ్రాం దాన్ని వదిలేస్తుంది. సోనీ రిమోట్లది 40 కిలోహెర్ట్జ్, ఫిలిప్స్ పాత పద్ధతి ఆర్‌సీ-5ది 36. 38 సెన్సర్ వాటినీ పట్టుకుంటుంది కానీ దూరం కొంత తగ్గుతుంది.

రిచీ స్ట్రీట్‌లో ఐఆర్ (ఇన్ఫ్రారెడ్) సెన్సర్ అంటే కొట్టువాడు మారు మాట్లాడకుండా టీఎస్ఓపీ 1738 తీసిస్తాడు. ఇక్కడ జాగ్రత్త. అది 5 వోల్టుల సెన్సర్. పై 4 పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు. సెన్సర్‌కు 5 వోల్టులిచ్చి దాని మాట పిన్నును నేరుగా పై 4కు కలిపితే అది పాడవ్వొచ్చు. టీఎస్ఓపీ 38238 అడగండి, అది 2.5 వోల్టుల నుంచి పనిచేస్తుంది, పై 4లోని 3.3 వోల్టులతోనే నడుస్తుంది. ఇంకో ఉచ్చు: ఈ రెండింటికీ మూడు కాళ్లే ఉన్నా వాటి వరుస వేరు. 1738లో మొదటిది గ్రౌండు, 38238లో మొదటిది సిగ్నల్. ఒకదాని బొమ్మ చూసి ఇంకోటి కలిపితే సెన్సర్ కాలిపోవచ్చు. సిగ్నల్ కాలును జీపీఐఓ 18కి, అంటే బోర్డు మీది పిన్నుల వరుసలో పన్నెండో పిన్నుకు కలిపి, కాన్ఫిగ్ ఫైలులో జీపీఐఓ-ఐఆర్ అన్న వరుసను ఆన్ చేస్తే పై 4ను నడిపే సిస్టమ్, లైనక్స్, తనంతట తానే బటన్లను చదువుతుంది. ఒకప్పుడు దీనికి లిర్క్ అనే ప్రోగ్రాంతో గంటలు గంటలు కుస్తీ పట్టేవాళ్లు. ఇప్పుడు ఆ పని చాలావరకు లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ లోపలే జరిగిపోతుంది, మనం చెప్పాల్సింది ఏ కోడ్‌కు ఏ బటన్ అన్నది మాత్రమే.

ఈ దారిలో అందరూ తడబడే చోటు ఒకటుంది. వాడుకలో ఉన్న టీవీ రిమోట్‌నే దీనికి నేర్పుతారు. అప్పుడు ఒక్క బటన్‌కు ఇద్దరూ కదులుతారు. కింది బాణం నొక్కితే కోడిలో మెనూ జరుగుతుంది, అదే సమయంలో టీవీ కూడా ఆ బటన్‌కు తన పని తాను చేస్తుంది. కాంతి ఇద్దరికీ కనపడుతుంది మరి. సీఈసీలో ఈ గొడవ లేదు, అక్కడ టీవీ ఒకరే విని ఎవరికి చెప్పాలో చూసి చెప్తుంది. ఇన్ఫ్రారెడ్‌కు మీ ఇంట్లో మూలపడి ఉన్న పాత డీవీడీ ప్లేయర్ రిమోట్ వాడండి. ఆ కోడ్‌లు టీవీకి అర్థం కావు. దానిలో ప్లే, పాజ్, స్టాప్ బటన్లు విడిగా ఉంటాయి, నొక్కితే చేతికి తెలుస్తాయి. నా దృష్టిలో సినిమాలు చూడటానికి ఇప్పటి సన్న రిమోట్ల కంటే అవే మేలు. కాకపోతే ఇంట్లో రెండో రిమోట్ అవుతుంది, అమ్మ వద్దన్నది అదే.

యూఎస్‌బీ ముక్కతో వచ్చే రేడియో రిమోట్లు కంప్యూటర్‌కు కీబోర్డులా కనిపిస్తాయి, ఏ సెట్టింగూ అక్కర్లేదు, గోడ చాటు నుంచీ పనిచేస్తాయి. ఫోన్‌లో కోడికి కోరే అనే ఉచిత యాప్ ఉంది, వెతకడానికి టైప్ చెయ్యాలంటే దాన్ని మించింది లేదు. నేను రెండూ వాడతాను. కానీ ఫోన్ తాళం తియ్యాలి, యాప్ తెరవాలి, వైఫై కలిసి ఉండాలి. హాల్లో కూర్చుని కథ వినాలనుకునే డెబ్భై నాలుగేళ్ల మనిషికి ఇన్ని మెట్లు పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

మా ఇంట్లో ఇప్పుడు మొదటి దారే నడుస్తోంది. చివరికి మిగిలిన చిక్కు రిమోట్‌ది కాదు, దానితో చేసే పనిది. క్యాసెట్టు ఒక వైపు 45 నిమిషాలు. పాటల ఫైళ్లలో ఎక్కడ ఆపామో కోడి మామూలుగా గుర్తుపెట్టుకోదు. మధ్యాహ్నం నిద్ర పట్టి లేచాక అమ్మ మళ్ళీ మొదటి నుంచి వినాలి, లేదా కుడి బాణం పట్టుకుని వెతకాలి. అందుకని ఒక్కో వైపును తొమ్మిది నిమిషాల చొప్పున ఐదు ముక్కలు చేసి, "రుక్మిణీ కల్యాణం, ఎ వైపు, 3" అని పేర్లు పెట్టాను. ఇప్పుడు బాణం, ఓకే సరిపోతున్నాయి. మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి టీవీ పక్కనున్న క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో పెన్సిలుతో "బి 4" అని రాసి ఉంది. రేపు ఎక్కడి నుంచి వినాలో అమ్మ అక్కడ రాసుకుంటోంది.